ఇంటి చదువుకు ఏది ఎంచుకోవాలి? తిరుపతి, చిత్తూరు క్రైస్తవ కుటుంబాలకు ఒక పోలిక

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించాలని ఆలోచన మొదలైన ప్రతి ఇంట్లోనూ ముందు వచ్చే ప్రశ్న సిలబస్ గురించే. "ఏది తెప్పించారక్కా? అమెరికాదా, ఇక్కడిదేనా?" అని ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వెతుక్కుంటూనే అడిగేస్తారు. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది చెప్పే మనిషి సంగతి. ఆ మనిషి ఎవరు, రోజులో ఎంతసేపు కూర్చోగలరు, ఏ భాషలో నోరు ధారాళంగా ఆడుతుంది, వంటింట్లో కుక్కర్ మీద ఒక చెవి వేసి కూడా ఏ పని నడిపించగలరు? చాలా ఇళ్ళల్లో ఆ మనిషి అమ్మే. కాబట్టి ఎంపిక పిల్లవాడికి సరిపోవడంతో పాటు అమ్మకు కూడా సరిపోవాలి. అమ్మకు కుదరని పద్ధతి ఎంత గొప్పదైనా జూన్‌లో మొదలై దసరాకు అటక ఎక్కుతుంది.

ఇక్కడ పోల్చేవి మూడు: చదువు చెప్పే పద్ధతి, ఇంట్లో చదివే పుస్తకాలు, చేతిపనులు. చివర్లో పదో తరగతి పరీక్ష గురించి కాస్త. అన్నిటికీ సమానంగా చోటు ఇవ్వలేదు. పుస్తకాలు, చేతిపనుల మీదే ఎక్కువ రాశాను, ఎందుకంటే ఇంటి చదువు నిలబడేదీ పడిపోయేదీ అక్కడే అని నా నమ్మకం.

పద్ధతులు మూడు

మొదటిది వర్క్‌బుక్కుల దారి. క్రైస్తవ కుటుంబాల్లో దీనికి బాగా పేరున్న నమూనా ఏసీఈ, అంటే యాక్సిలరేటెడ్ క్రిస్టియన్ ఎడ్యుకేషన్. 1970లో అమెరికాలోని టెక్సాస్‌లో మొదలైంది. ఒక్కో సబ్జెక్టుకు ఏడాదికి 12 పలుచని పుస్తకాలు ఉంటాయి, వాటిని పేస్‌లు అంటారు. పిల్లవాడు తనంతట తాను చదువుకుని, ఖాళీలు పూరించి, జవాబుల పుస్తకం చూసి తనే దిద్దుకుంటాడు. చివర్లో పరీక్ష. 80 శాతం దాటితే తర్వాతి పుస్తకం, దాటకపోతే మళ్ళీ అదే. ప్రతి పాఠంలో ఏదో ఒకచోట బైబిలు వచనమో, మంచి నడవడి గురించిన బొమ్మల కథో ఉంటుంది.

దీని బలం ఏమిటంటే అమ్మ పక్కనే కూర్చోనక్కర్లేదు. ముగ్గురు పిల్లలు మూడు స్థాయిల్లో ఉన్నా, ఎవరి పుస్తకం వాళ్ళది. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలు చేస్తూ, ఇంట్లో అవ్వా తాతల దగ్గర పిల్లల్ని ఉంచే ఇళ్ళకు ఇది నిజంగా ఆసరా. బలహీనత కూడా అక్కడే ఉంది. ఇంగ్లీషు బాగా చదవడం వచ్చిన పిల్లవాడికే ఇది నడుస్తుంది. ఖాళీలు పూరించడం అలవాటైన పిల్లవాణ్ణి "ఏం చదివావురా?" అని అడిగితే తెల్లమొహం వేసే ప్రమాదం ఉంది. పైగా అందులోని లోకం మనది కాదు. డాలర్లు, సెంట్లు, అక్కడి చరిత్ర, అక్కడి పండుగలు. లెక్కలకూ ఇంగ్లీషు గ్రామర్‌కూ వాడుకోవడానికి అభ్యంతరం లేదు కానీ సైన్సు, సాంఘిక శాస్త్రం కూడా అందులోనే అంటే నేను ఒప్పుకోను.

రెండోది పుస్తకాలు చదివి వినిపించే దారి. దీనికి ఆద్యురాలు షార్లెట్ మేసన్ అనే ఇంగ్లండు టీచరు (1842–1923). ఆవిడ చెప్పినదాన్ని క్లుప్తంగా చెప్పాలంటే: పాఠాలు చిన్నవిగా ఉండాలి, చిన్నపిల్లలకు పావుగంట, ఇరవై నిమిషాలకు మించకూడదు. పాఠ్యపుస్తకంలో పిండి వడపోసిన విషయం కంటే ఇష్టంగా రాసిన అసలు పుస్తకం చదవాలి. ఒక్కసారే చదవాలి, చదివాక పిల్లవాడు తన మాటల్లో తిరిగి చెప్పాలి. మధ్యాహ్నాలు ఆరుబయటికీ చేతిపనులకూ వదిలేయాలి. ఆరేళ్ళు నిండేదాకా ఈ చెప్పించడం కూడా బలవంతం చేయకూడదు.

తిరిగి చెప్పడం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. దావీదు గొల్యాతు కథ చదివాక మా చిన్నవాడు యుద్ధాన్ని రెండు ముక్కల్లో తేల్చేసి, రాళ్ళ దగ్గర ఆగిపోయాడు. "ఐదు రాళ్ళు తీసుకున్నాడు, కొట్టింది ఒక్కటే కదా, మిగతా నాలుగూ ఏం చేశాడు?" అన్నాడు. తర్వాత, ఏటిలో రాళ్ళు ఎందుకు నున్నగా ఉంటాయో చెప్పమన్నాడు. స్వర్ణముఖి ఇసుకలో ఏరిన గులకరాళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ రోజు సైన్సు పాఠం అదే అయిపోయింది. ఏ వర్క్‌బుక్కులోనూ ఈ ప్రశ్నకు గీత గీసిన ఖాళీ ఉండదు.

ఈ దారికి కావాల్సింది రోజూ ఒక గంటన్నర గొంతు పెట్టి చదివే ఓపిక. మార్కులుండవు కాబట్టి చుట్టాల ముందు చూపించడానికి ఏమీ ఉండదు, దానికి కొంత గుండె ధైర్యం కావాలి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే మేసన్ పద్ధతి పుస్తకాల జాబితాలు దాదాపు అన్నీ వందేళ్ళ కిందటి ఇంగ్లండు, అమెరికా పుస్తకాలు. వాటిని ఉన్నదున్నట్టు దించుకుంటే మన పిల్లలు మేపుల్ ఆకును గుర్తుపట్టి, శేషాచలం కొండల్లో పుట్టిన ఎర్రచందనం ఆకును గుర్తుపట్టలేరు. ఎర్రచందనానికి ఒక్కో కాడకు మూడేసి ఆకులు, చుట్టూ రెక్క ఉన్న గుండ్రటి కాయ. గీసుకోవడానికి ఎంత అందమైన బొమ్మో!

మూడోది ప్రభుత్వ పాఠ్యపుస్తకాల దారి. దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళు ఎక్కువ, నేను మాత్రం కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020–21 నుంచి తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్క పేజీల్లో ఉండేలా పుస్తకాలు అచ్చు వేయించడం మొదలుపెట్టింది. ఒక పేజీలో ఇంగ్లీషులో చదివిన వాక్యం పక్క పేజీలో తెలుగులో కనిపిస్తుంది. ఇంగ్లీషు మీడియంలో చదవని అమ్మకు ఇంతకంటే మేలు చేసే పుస్తకం మరొకటి లేదు. పీడీఎఫ్‌లు ఖర్చు లేకుండా దించుకోవచ్చు. రేపు ఏ కారణం వల్లనైనా పిల్లవాణ్ణి బడిలో వేయాల్సి వస్తే పాఠాలు కొత్తగా అనిపించవు. లోటు ఏమిటంటే అవి నలభై మంది కూర్చున్న తరగతి గది కోసం రాసినవి. "జట్లుగా చర్చించండి" లాంటి పనులు ఇంట్లో కుదరవు. వాటిని వదిలేస్తే పుస్తకం సగం కాలంలోనే అయిపోతుంది.

నన్నడిగితే, ఆరు నుంచి పదేళ్ళ దాకా రెండో దారి ముఖ్యంగా పెట్టుకుని, లెక్కలూ సైన్సూ మూడో దారిలోంచి తీసుకోండి. పదకొండో ఏడు దాటాక ప్రభుత్వ పుస్తకాల పాలు పెంచండి. అమ్మకు ఒంట్లో బాగుండకపోయినా, ఇంట్లో చంటిబిడ్డ ఉన్నా, ఆ ఒక్క ఏడాదికి వర్క్‌బుక్కులు తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. ఒక పద్ధతికి మాటిచ్చి కూర్చోవడానికి ఇదేమీ పెళ్ళి కాదు. "అంతా ఒకే పెట్టెలో" అని వాట్సాప్‌లో వచ్చే ప్రకటనలు చూసి మాత్రం ముందే డబ్బు కట్టకండి. ఒక సబ్జెక్టు, ఒక పుస్తకం తెప్పించి పిల్లవాడి చేతికిచ్చి నెల రోజులు చూడండి.

తెలుగులో చదవాలా, ఇంగ్లీషులోనా?

తిరుపతిలో పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడటం గొప్పగా, తెలుగు చదవడం ఇబ్బందిగా మారిపోయింది. ఇంటి చదువు పిల్లల్లో కూడా అదే కథ, బహుశా ఇంకాస్త ఎక్కువే, ఎందుకంటే క్రైస్తవ ఇంటి చదువు సామగ్రి దాదాపు అంతా ఇంగ్లీషులోనే వస్తుంది.

నేను పెట్టుకున్న కొలత ఒకటే: చదివే వాళ్ళ గొంతు ఏ భాషలో బతికి ఉంటుందో ఆ భాషలో చదవండి. ముసలమ్మ మాట వచ్చినప్పుడు ముసలమ్మలా, రాక్షసుడి మాట వచ్చినప్పుడు రాక్షసుడిలా మీరు ఏ భాషలో చదవగలరో అది మీ ఇంటి చదువు భాష. మాలాంటి ఇళ్ళల్లో అది తెలుగే, అందులోనూ చిత్తూరు తెలుగు. ఇంగ్లీషు కథలు నాన్న రాత్రిపూట చదవొచ్చు, లేదా పెద్దపిల్ల చిన్నపిల్లకు చదివి వినిపించొచ్చు. అది ఇద్దరికీ సాధన.

తెలుగులో పిల్లల పుస్తకాలు లేవు అనే మాట ఇప్పుడు చెల్లదు. హైదరాబాదు జంట నగరాల్లోని మంచి పుస్తకం వాళ్ళు వేసే పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ళ చవక పుస్తకాలు, చెన్నైలోని తూలిక వాళ్ళు తెలుగూ ఇంగ్లీషూ కలిపి వేసే బొమ్మల పుస్తకాలు తెప్పించుకోవచ్చు. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో తెచ్చిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా, స్థాయిల వారీగా ఉన్నాయి. అంటే ఒక్కో పేజీకి ఒక్క వాక్యం ఉన్నవి మొదలు, పేరాలున్న కథల దాకా. ప్రింటు తీసుకోవడానికి కూడా అనుమతి ఉంది.

ఫోన్లో చదివించాలా, కాగితం మీదా అంటే, ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలకు కాగితమే. నలుపు తెలుపులో ప్రింటు తీసి, దారంతో కుట్టి, రంగులు వాళ్ళనే వేసుకోమంటే చదువూ చేతిపనీ ఒకే దెబ్బకు అయిపోతాయి. జిరాక్సు అంగడిలో అయ్యే ఖర్చు ఒక చాక్లెట్ ప్యాకెట్ కంటే ఎక్కువేమీ కాదు.

ఊళ్ళోని ప్రభుత్వ గ్రంథాలయాన్ని మరిచిపోకండి. మనం కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయ పన్ను కూడా కలిసే ఉంటుంది, రూపాయికి ఎనిమిది పైసల చొప్పున. అంటే ఆ పుస్తకాలకు డబ్బు ఇప్పటికే కట్టేశాం. పిల్లల విభాగం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. బాగా లేకపోయినా పాత పత్రికల బైండ్లు దొరుకుతాయి. 1947లో మొదలై అరవై ఏళ్ళకు పైగా నడిచిన చందమామ పాత సంచికలు దొరికితే వదలకండి. బేతాళ కథలూ దయ్యాల కథలూ క్రైస్తవ పిల్లలకు ఎందుకు అని కొందరు అడుగుతారు. నా మటుకు నేను పిల్లలతో కలిసి చదివి, తర్వాత మాట్లాడుకోవడం మేలనుకుంటాను. మీ ఇంట్లో వద్దనుకుంటే మిషనరీల జీవిత చరిత్రలు ఉండనే ఉన్నాయి. వాటిలో కూడా మంచిచెడ్డలు చూసి ఎంచుకోండి. ప్రతి అధ్యాయం చివర నీతి రాసి పెట్టే పుస్తకం కంటే ఓడ ప్రయాణం ఎలా ఉంది, తిండికి ఏం తిన్నారు, భాష ఎలా నేర్చుకున్నారు అని రాసిన పుస్తకమే పిల్లల మనసులో ఉండిపోతుంది. నీతి వాసన పిల్లలు ఇట్టే పసిగడతారు.

మన ప్రాంతం సంగతే పిల్లలకు చెప్పండి. ఆర్కాటు మిషన్‌ను 1853లో మొదలుపెట్టిన అమెరికా మిషనరీలు స్కడ్డర్ సోదరుల పని చిత్తూరు, పలమనేరు, మదనపల్లె వైపు సాగింది. శ్రీకాళహస్తి, వెంకటగిరి, నాయుడుపేట వైపు పనిచేసింది జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్. సౌత్ ఆంధ్ర లూథరన్ సంఘానికి కేంద్రం తిరుపతే. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో క్షయ రోగుల ఆసుపత్రి ఎందుకు కట్టారంటే అక్కడి పొడిగాలి గురించి చెప్పాలి, మందుల్లేని రోజుల్లో క్షయకు చేసిన వైద్యం గురించి చెప్పాలి. ఒక్క ఊరి పేరుతో భూగోళం, చరిత్ర, సైన్సు మూడూ వస్తాయి.

బైబిలు విషయంలో కూడా ఎంపిక ఉంది. బైబిల్ సొసైటీ వాళ్ళ పాత అనువాదం గ్రాంథికం. ఆరాధనలో వినేది, వచనాలు కంఠస్థం చేసేది అదే. వాడుక భాషలో వచ్చిన తేలిక అనువాదాలు కూడా ఉన్నాయి. కుటుంబ ప్రార్థనలో కథాభాగాలు, అంటే ఆదికాండం, సమూయేలు, సువార్తలు తేలిక తెలుగులో చదవండి. కీర్తనలు మాత్రం పాత తెలుగులోనే కంఠస్థం పెట్టించండి. అర్థం వెంటనే కాకపోయినా ఆ నడక చెవిలో పడిన పిల్లలకు తర్వాత ఏ పాత తెలుగు పద్యమూ కొరుకుడు పడనిదిగా అనిపించదు.

చేతిపనులు: వినేటప్పుడు చేయగలిగేవి, చేయలేనివి

చేతిపనులను చాలామంది ఖర్చును బట్టో, పూర్తయ్యాక ఎంత అందంగా ఉంటుందన్నదాన్ని బట్టో ఎంచుకుంటారు. నేను వేరేగా విడగొడతాను. అమ్మ చదువుతుంటే వింటూ చేయగలిగే పనులు ఒక వర్గం. పూర్తి దృష్టి పెట్టి, దానికంటూ ఒక రోజు కేటాయించాల్సినవి మరో వర్గం. మొదటి వర్గంలో ఒక్కటైనా ఇంట్లో లేకపోతే చదివి వినిపించే దారి నడవదు. చేతులు ఖాళీగా ఉన్న ఏడేళ్ళ పిల్లవాడు పది నిమిషాలకు మించి కదలకుండా వినడు. చేతిలో పని ఉంటే ముప్పావు గంట వింటాడు.

మొదటి వర్గంలో నా ఓటు క్రోషాకు. ఒక కొక్కెం సూది, ఒక నూలు దారం ఉండ, అంతే. మురికి లేదు, చప్పుడు లేదు, బస్సులోనూ చేసుకోవచ్చు. తెలుగు క్రైస్తవులకూ ఈ పనికీ పాత చుట్టరికం ఉంది. గోదావరి జిల్లాల్లో, నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారానే వచ్చింది. మొదట గొలుసులా అల్లడం ఒక్కటే నేర్పించండి. వారం పాటు అదే. మూరెడు గొలుసు అల్లాక పిల్లలకు చేతి బిగువు కుదురుతుంది. అప్పటిదాకా ఒక కుట్టు బిగుతుగా, ఒకటి వదులుగా వస్తూనే ఉంటుంది, విప్పి మళ్ళీ చేయించక్కర్లేదు. మగపిల్లలకు కూడా నేర్పండి. వెంకటగిరి మగ్గాల గుంటల్లో కూర్చుని నేసేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ, దారం పని ఆడవాళ్ళదే అనే మాట మన జిల్లాలో చెల్లదు.

మట్టి పని కూడా వింటూ చేయొచ్చు, నేల తుడుచుకునే ఓపిక ఉంటే. పుట్టమన్ను మెత్తగా ఉంటుంది, రాళ్ళుండవు. పలమనేరు మట్టి బొమ్మలు చూసిన పిల్లలకు ఏం చేయాలో మనం చెప్పక్కర్లేదు. ఇంట్లో కాల్చలేం కాబట్టి ఎండబెట్టినవి విరుగుతాయి. విరిగితే నీళ్ళలో నానబెట్టి మళ్ళీ మట్టి చేసుకోవడమే. క్రిస్మస్‌కు పశువుల పాక బొమ్మలు ప్లాస్టిక్‌వి కొనే బదులు నవంబరులో వారానికి ఒకటి చొప్పున చేసుకుంటే పండుగకు ఆవు, గొర్రెలు, కాపరులు అన్నీ సిద్ధం. మా ఇంట్లో ఒంటె మాత్రం ఎప్పుడూ కుక్కలాగే వస్తుంది.

ఆకు అల్లిక మూడోది. మట్టల ఆదివారానికి ముందు వారం ఈతాకు, కొబ్బరాకు తెచ్చి సిలువలు అల్లడం పిల్లలకు ఎలాగూ ఇష్టం. దాన్ని అక్కడితో ఆపకుండా చిన్న చాప, విసనకర్ర దాకా తీసుకెళ్ళండి. ఖర్చు సున్నా. ఆకు పచ్చిగా ఉన్నప్పుడే అల్లాలి, ఎండితే విరుగుతుంది.

రెండో వర్గంలో మన జిల్లాకు పేరు తెచ్చిన పని కలంకారీ. శ్రీకాళహస్తి తిరుపతికి దాదాపు 40 కిలోమీటర్లు. పిల్లలతో వెళ్ళి పని చూసి రావచ్చు. ఇంట్లో పూర్తి కలంకారీ చేయాలనుకుంటే మాత్రం ఆలోచించుకోండి. రంగు రంగుకూ పటిక పూయడం, ఉడకబెట్టడం, పారే నీళ్ళలో ఉతకడం, ఎండబెట్టడం, ఇవన్నీ అపార్టుమెంటు బాల్కనీలో కుదరవు. నలుపు గీతల వరకే చేయించండి. అందులోనే పిల్లలు నేర్చుకునేది బోలెడు.

తీరు ఇది. గంజి పెట్టని తెల్లటి నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేయాలి. కరక్కాయ మూలికల అంగడిలో దొరుకుతుంది. ఇంకో పక్క తుప్పు పట్టిన మేకులు, ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి మూతపెట్టి రెండు మూడు వారాలు పులియబెట్టాలి. బెల్లానికి చిత్తూరులో కొదవేముంది! వెదురు పుల్ల చివర చెక్కి, కొంచెం పైన గుడ్డ పీలికలు గానీ ఉన్ని గానీ చుట్టి దారంతో బిగిస్తే కలం తయారు. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో గీత గీసుకుని, కలాన్ని ఆ నీళ్ళలో ముంచి, చుట్టిన గుడ్డను వేళ్ళతో కొద్దిగా నొక్కుతూ గీయాలి. గీసినప్పుడు గీత పలచగా, మాసిన నీళ్ళలా ఉంటుంది. చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి నలుపు పుట్టడం అది. పాలలోని కొవ్వు రంగును గుడ్డ మీద పాకనివ్వదు. పాలు లేకుండా ఒక ముక్క, పాలతో ఒక ముక్క చేసి రెండింటి మీదా ఒకే గీత గీయించండి. ఎందుకు పాలు అని పిల్లలు మళ్ళీ అడగరు. గుడ్డ ఆరేదాకా ఇల్లంతా పాల వాసన కొడుతుందని మాత్రం ముందే చెప్పి ఉంచుతున్నాను.

కలంకారీ అంటే పురాణ కథలే కదా, మనకెందుకు అని పెద్దవాళ్ళు కొందరు సందేహిస్తారు. శ్రీకాళహస్తి పనివాళ్ళు క్రీస్తు జీవిత కథను కూడా ఇదే పద్ధతిలో గుడ్డ మీద గీశారు. పిల్లల చేత నోవహు ఓడ గీయించండి. మన ఊరి ఎద్దులు, నెమళ్ళు, దేవాంగపిల్లులు అందులో ఎక్కుతాయి. కథ మనది, చేతి పద్ధతి ఈ నేలది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే ఆ పేరు ఆ ఊరి పనికే చెల్లుతుంది. ఇంట్లో పిల్లలు చేసిన దాన్ని ఆ పేరుతో ఎవరికీ అమ్మకూడదని కూడా ఇదే సందర్భంలో చెప్పొచ్చు.

ఏర్పేడు దగ్గరి మాధవమాల చెక్కపనికి పేరున్న ఊరు. అది చూడ్డానికే, ఇంట్లో పదేళ్ళ పిల్లవాడి చేతికి ఉలి ఇచ్చే పని కాదు. పట్టుపురుగుల పెంపకం ఇంకో ఆకర్షణ, కుప్పం, పలమనేరు వైపు చుట్టాలుంటే చాకీ పురుగులు, అంటే లేత పట్టుపురుగులు, కొన్ని సులభంగా దొరుకుతాయి. గుడ్డులోంచి వచ్చింది మొదలు దాదాపు నెల రోజుల్లో నాలుగుసార్లు చర్మం విడిచి, గూడు కడతాయి. పిల్లలకు అంతకంటే అద్భుతం లేదు. కానీ రోజుకు మూడు నాలుగు సార్లు తాజా మల్బరీ ఆకు పడాలి, మందు కొట్టిన ఆకు పడితే అన్నీ చచ్చిపోతాయి, చీమలు పట్టకుండా చూడాలి. ఆదివారమంతా సంఘంలోనే గడిపే కుటుంబాలకు, కూటాలకు ఊళ్ళు తిరిగే పాస్టరు గారి ఇళ్ళకు నేను చెప్పను.

డిసెంబరు నక్షత్రం సంగతి కూడా ఇక్కడే. కొన్న నక్షత్రం మడత విప్పితే అయిపోతుంది. ఇంట్లో చేసే నక్షత్రానికి ఒకే పొడవు వెదురు బద్దలు పది కావాలి. ఐదేసి బద్దలతో రెండు నక్షత్రాలు కట్టి, ఐదు కొనల దగ్గర రెండింటినీ కలిపి కట్టి, లోపలి మూలల్లో ఐదు చిన్న పుల్లలు అడ్డంగా నిలబెడితే మధ్యలో ఉబ్బుతుంది. బద్దల పొడవులో అంగుళం తేడా వచ్చినా ఒక కొన వంకర పోతుంది. కొలత అంటే ఏమిటో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. మైదా గంజితో రంగు కాగితం అతికించి, లోపల వేడెక్కని ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. పన్నెండేళ్ళ లోపు వాళ్ళకు నాన్న సాయం కావాలి, అందుకే నాన్నకు ఖాళీ ఉన్న శనివారం చూసుకోండి.

గాజులకు సిల్క్ దారం చుట్టడం, కాగితం చుట్టలతో బొమ్మలు అతికించడం లాంటివి ఇప్పుడు ప్రతి వేసవి శిబిరంలోనూ, వీబీఎస్‌లోనూ (సెలవుల్లో సంఘం నడిపే బైబిలు బడి) నేర్పుతున్నారు. ఒక మధ్యాహ్నం గడవడానికి పరవాలేదు. ఎవరికీ పనికిరాని వస్తువులు పిల్లల చేత చేయించొద్దని మేసన్ కూడా గట్టిగా చెప్పింది. ఈ విషయంలో ఆవిడ మాటే నా మాట.

పదో తరగతి, చట్టం, చుట్టుపక్కల మాటలు

ఇక్కడికి వచ్చేసరికి అందరికీ టెన్షన్ మొదలవుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో ఇంటి చదువు అనే ప్రస్తావనే లేదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్ చెబుతుంది, చేర్పించని తల్లిదండ్రులకు శిక్ష మాత్రం చట్టంలో లేదు. అదే చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, బడికి వెళ్ళని పిల్లవాణ్ణి ఎప్పుడు తీసుకెళ్ళినా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. మధ్యలో బడికి మారాల్సి వస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి. ఏడాదికొక ఫైలు పెట్టి, చదివిన పుస్తకాల పేర్లు, పిల్లల రాతలు, లెక్కల నోటు పుస్తకాలు దాచి ఉంచితే ఎవరడిగినా చూపించొచ్చు.

పరీక్షకు మూడు దారులున్నాయి. ఎన్‌ఐఓఎస్ కేంద్ర ప్రభుత్వ సార్వత్రిక పాఠశాల. పదో తరగతికి 14 ఏళ్ళు నిండాలి. కనీసం ఐదు సబ్జెక్టులు, అందులో ఒక భాష తప్పనిసరి. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరు నెలల్లో. ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు, ఒక్కొక్క సబ్జెక్టు విడివిడిగా రాసుకోవచ్చు. ఇంట్లో రాసి పంపే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు. ఇంతకంటే చిన్నపిల్లలకు 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయిలు కూడా ఎన్‌ఐఓఎస్‌లో ఉన్నాయి.

ఏపీ ఓపెన్ స్కూలు రాష్ట్ర ప్రభుత్వానిది, ఇది కూడా 14 ఏళ్ళకే. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు, ఊళ్ళోనే స్టడీ సెంటర్ కావాలనుకునే వాళ్ళకు ఇది దగ్గరగా ఉంటుంది. సెలవు రోజుల్లో క్లాసులు చెబుతారు. ఇంగ్లండు బోర్డు పెట్టే పదో తరగతి స్థాయి పరీక్ష కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ మూడోది, ఖర్చు ఎక్కువ, బయటి అభ్యర్థిగా రాయాలంటే చెన్నైకో బెంగళూరుకో తిరగాలి. విదేశాల్లో చదివించే ఆలోచన గట్టిగా ఉంటే తప్ప నేను సిఫారసు చేయను.

మిగిలిన రెండింట్లో ఎన్‌ఐఓఎస్‌కే నా మొగ్గు, ఎందుకంటే ఇష్టమైన సబ్జెక్టులు ఎంచుకునే వీలు అందులో ఎక్కువ. చిత్రలేఖనం కూడా ఒక సబ్జెక్టుగా రాయొచ్చు. కలం పట్టి పెరిగిన పిల్లకు అది పెద్ద ఊరట. ఇంటర్‌లో సైన్సు తీసుకుని నీట్, జేఈఈ వైపు వెళ్ళాలనుకునే పిల్లవాడికి మాత్రం ఒక జాగ్రత్త. ప్రాక్టికల్స్‌ను స్టడీ సెంటర్‌లో చేయాలి, ఆ సెంటర్‌లో ల్యాబ్ నిజంగా నడుస్తోందా అని ఫారం నింపే ముందే వెళ్ళి కళ్ళారా చూసి రండి. పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఆధార్ రెండింట్లోనూ పేరు ఒకేలా ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. బాప్తిస్మం అప్పుడు మార్చుకున్న పేరు ఒకచోట, పాత పేరు ఇంకోచోట ఉన్న పిల్లలు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు, ఆ సవరణకు ముందుగానే టైము పెట్టుకోవాలి.